బ్యాటరీలు లేకుండా నడిమిలంకకు తొమ్మిది కిలోమీటర్లు

తాడేపల్లిగూడెంలో నలభై ఏళ్ళు సైకిల్ షాపు నడిపినవాణ్ణండి నేను. పేరు సత్యం. షాపు వదిలి నేను చేసిన ప్రయాణాలన్నీ పెళ్ళిళ్ళకీ, స్పేర్ పార్టులకీనూ. అలాంటివాణ్ణి డిసెంబరు మొదట్లో రెండు రోజులు కొల్లేరు లంకల్లో తిరిగొచ్చాను. అదీ ఆరుగురు ఆడవాళ్ళ వెనకాల, కరెంటు సైకిలు మీద! అప్పట్నుంచీ ఒకటే ఫోన్లు. ఎంతవుతుంది, ఎక్కడ బయల్దేరాలి, సైకిలు బాగా రానివాళ్ళు రావచ్చా, మా ఆవిణ్ణి పంపితే భయం లేదు కదా అని. ఒక్కొక్కరికీ చెప్పేకన్నా అంతా ఒకచోట రాసేద్దామని కూచున్నాను. ఎనిమిదో తరగతి చదువు నాది. తప్పులుంటే సర్దుకుని చదవండి.

దీనికంతటికీ కారణం మా అమ్మాయి భవాని. తొమ్మిదేళ్ళు ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పింది. పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూసేశారు. ఆ సమయంలోనే విశాఖపట్నంలో ఒక కంపెనీవాళ్ళు ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా కరెంటు సైకిళ్ళ మీద లంకలు చూపించే యాత్రలు పెడుతున్నారని, కొల్లేరుకి ఈ ప్రాంతం ఆడమనిషే గైడుగా కావాలని ఎవరో చెప్పారు. ఏడేళ్ళకే నా షాపులో అద్దెసైకిలు బారు కింద నుంచి కాలుపెట్టి తొక్కిన పిల్లండి అది, ఊరుకుంటుందా? దరఖాస్తు పెట్టింది. కంపెనీ నడిపే మేడమ్ ఫోన్లో ఒక్కటే మాట అన్నారట. ముందు ఒక్క ట్రిప్పు చేసి చూపించు, బయల్దేరిన ఆరుగురూ చివరిదాకా సైకిలు మీదే వచ్చి బాగుందని చెబితే ఈ శీతాకాలం ట్రిప్పులన్నీ నీవే, లేదంటే ఇక్కణ్ణుంచే వేరే గైడుని పంపుకుంటాం అని. ముప్ఫైమూడేళ్ళు వచ్చిన పిల్ల, ఫోన్ పెట్టేసి లేచింది. మ్యాపు ముందేసుకుంది.

పంక్చర్లు, చైన్లు చూడటానికి మెకానిక్ కావాలి కదా. నన్నే రమ్మంది. నేను ఎగిరి గంతేశాను. వెంటనే షరతు పెట్టింది.

"నాన్నా, ఈ రెండు రోజులూ నువ్వు నాకు నాన్నవి కాదు, నేను నీకు కూతుర్ని కాదు."

"మరేమవుతావమ్మా?"

"గైడుని. వాళ్ళ ముందు అమ్మా, తల్లీ, బంగారం అన్నావో, ఆ నిమిషమే ఆటో ఎక్కించి ఇంటికి పంపేస్తాను. నాన్నని కాపలా తెచ్చుకున్న గైడు మాట ఎవరు వింటారు చెప్పు?"

వంటింట్లోంచి మా ఆవిడ, "ఆయనా? రెండు రోజులా? పందెం కాస్తాను, మొదటిరోజే నోరు జారతారు చూడు" అంది.

ముందురోజు సాయంత్రం ఎనిమిది సైకిళ్ళు షాపు ముందు దిగాయి. ఎంత బాగున్నాయో చెప్పలేనండి! ఒక్కోటి పాతిక కిలోలు ఉంటుంది. మధ్య గొట్టంలో తాళంచెవి తిప్పి తీసే బ్యాటరీ. మనం తొక్కుతుంటే వెనక ఎవరో చెయ్యేసి నెడుతున్నట్టు ఉంటుంది. భవాని ఆరుగురి ఎత్తులూ, ఎవరికి సీటు ఎంత లేపాలో అంగుళాలతో సహా ఒక కాగితం మీద రాసిచ్చింది. నేను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఆ ఆరు సీట్లూ కిందికంటా దించేశాను. మా షాపులో ఆడవాళ్ళ సైకిలంటే అంతేనండి. కూచుంటే రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి, ఆనకపోతే భయపడతారు. నలభై ఏళ్ళుగా ఎవరూ అడక్కుండానే దించాను, ఎవరూ కాదనలేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి సైకిళ్ళన్నీ ట్రాలీ ఆటోకి ఎక్కించి తాళ్ళతో కట్టాం. డ్రైవరు అబ్బులు మా వీధివాడే, నన్ను బాబాయ్ అంటాడు. వాడికీ గట్టిగా చెప్పాం, బాబాయ్ గీబాయ్ కుదరదని. హైవే మీద ఆరుంపావుకల్లా ఏలూరు స్టేషన్ చేరాం. మీరు రైల్లో రావాలనుకుంటే ఇబ్బందేం లేదు. విజయవాడ, రాజమండ్రి రెండువైపుల నుంచీ పొద్దున్నే బళ్ళున్నాయి, స్టేషన్ బయటే కలుసుకుంటారు. మనిషికి ఐదువేల ఐదువందలు. సైకిలు, హెల్మెట్టు, రెండు రోజుల తిండి, రాత్రి బస, పడవ అన్నీ అందులోనే. మంచినీళ్ళ సీసా, మీ మందులూ మీరు తెచ్చుకోవాలి.

ఆరుగురిలో నలుగురు విజయవాడలో ఒకే బ్యాంకులో పనిచేసే స్నేహితురాళ్ళు. ఎప్పుడు చూసినా నలుగురూ ఒకేసారి మాట్లాడేవారు. ఐదో అమ్మాయి షబానా, ఏలూరులోనే నర్సు. ఆరో ఆవిడ విజయలక్ష్మి గారు, రాజమండ్రి, పోస్టాఫీసులో చేసి రిటైరయ్యారు. అరవై ఒకటి. ఈ ట్రిప్పు కోసమే మూడు నెలల కిందట అపార్టుమెంటు సెల్లారులో సైకిలు నేర్చుకున్నారట. కుడి మోకాలు కాస్త పట్టేస్తుందని ముందే చెప్పారు. మా అమ్మాయి భయమంతా ఆవిడ గురించే. ఆరుగురూ చివరిదాకా సైకిలు మీద రావాలి కదా మరి.

భవాని నన్ను చూపించి, "వీరు సత్యం గారు, మన మెకానిక్" అంది. పుట్టాక మొదటిసారి నా కూతురు నన్ను పేరు పెట్టి పిలిచింది! నాకు నవ్వాగలేదు, దగ్గు వచ్చినట్టు అటు తిరిగాను.

స్టేషన్ దగ్గరే ఉప్మా పెసరట్టు తిని, ఏడుముప్పావుకి బయల్దేరాం. ఊరు దాటి కైకలూరు రోడ్డెక్కేసరికి మంచు ఇంకా వీడలేదు. ముందు భవాని, వెనకాల ఆరు సైకిళ్ళు వరసగా, ఆఖర్న నేను, నా వెనక ట్రాలీ ఆటో. ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నా ఎవరికీ ఆయాసం లేదు. రెండువైపులా చేపల చెరువులు, చెరువుకీ చెరువుకీ మధ్య మట్టిగట్లు, గట్ల మీద తెల్లగా కొంగలు. ఆకివీడు వైపు పోయే చేపల లారీలు మాత్రం జాగ్రత్తండి, ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోతాయి, వాటి వెనక రోడ్డు జారుతుంది. భవాని ప్రతి లారీకీ చెయ్యెత్తి అందర్నీ పక్కకి తీసింది.

ఒక చెరువులో వెదురుకర్రలకి కట్టిన సంచులు నీళ్ళల్లో వేలాడుతున్నాయి. పడవలో ఒకాయన వాటిని సరిచేస్తున్నాడు. షబానా ఆగి, "బాబాయ్, సంచులు నీళ్ళల్లో ఆరేశారేంటి?" అంది.

"ఆరెయ్యలేదమ్మా, అన్నం పెట్టాం. సంచికి కన్నాలుంటాయి. చేపలొచ్చి మూతులతో లాక్కుని తింటాయి."

"వరసలో నిలబడి తింటాయా?"

"పెళ్ళి బంతిలో జనమే నిలబడరు, చేపలు నిలబడతాయా!" అన్నాడాయన. నలుగురు బ్యాంకు అమ్మాయిలూ ఒకేసారి నవ్వారు. అక్కడ పది నిమిషాలు ఆగాం. మీరు వెళ్తే మీరూ ఆగండి. అడిగితే విసుక్కోకుండా చెబుతారు ఆ మనుషులు.

పదిన్నరకి పెద్దరోడ్డు వదిలి మట్టిదారిలో కాలువ ఒడ్డుకి చేరాం. అవతల గట్టుకి పోవాలంటే పంటు ఎక్కాలి. రెండు పడవలు పక్కపక్కన కట్టి పైన చెక్కలు పరిచి ఉంటుంది, దాన్నే పంటు అంటారు. మనిషికి పది, సైకిలుకి ఇరవై. అరగంటకొకసారి తిరుగుతుంది. ఆటోలు ఎక్కించరు. అందుకని అబ్బులు కైకలూరు మీదుగా చుట్టూ తిరిగి నలభై కిలోమీటర్లు పోయి, మధ్యాహ్నం మేం భోజనానికి ఆగే నడిమిలంక దగ్గర కలవాలి. ఇటునుంచి గట్టుదారి, అటునుంచి తారురోడ్డు ఆ లంకకి.

పంటు అవతలి ఒడ్డున ఉంది. భవాని అందరికీ కొబ్బరిబొండాలు ఇప్పించడానికి తీసుకెళ్ళింది. నేను సైకిళ్ళ దగ్గర ఉన్నాను. ఖాళీగా ఉండలేనండి, అదే నా జబ్బు. మా కాలంలో సైకిలు పడవెక్కించాలంటే డైనమో, లైటు ఊడదీసి సంచిలో వేసేవాళ్ళం. నీళ్ళు తగిలితే పాడైపోయేవి. షాపులో పని నేర్చుకున్న మొదటి వారం నేర్చుకున్న పద్ధతది. డైనమోకే అంత జాగ్రత్త అయితే బ్యాటరీకి ఎంతుండాలి? తాళంచెవులు నా దగ్గరే ఉన్నాయి. ఎనిమిది బ్యాటరీలూ ఊడదీసి, గుడ్డలో చుట్టి, గోనెసంచిలో పెట్టి, ఎండ తగలకుండా ఆటోలో సీటు కింద పెట్టాను. పంటు రాగానే సంచి నేనే భుజాన వేసుకుని ఎక్కుదామనుకున్నాను. ఇంతలో పంటు వచ్చింది. అవతలి జనం దిగటం, ఇవతలి జనం ఎక్కటం, ఒక మేక చెక్కల మీద బెదిరి అడ్డం తిరగటం. విజయలక్ష్మి గారి సైకిలు నేను పట్టుకున్నాను, నాది షబానా పట్టుకుంది. పంటు కదిలింది. అబ్బులు ఒడ్డు మీదనుంచి చెయ్యూపి ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. నేనూ చెయ్యూపాను!

అవతల గట్టు మీద అందరూ సైకిళ్ళెక్కి మీట నొక్కారు. ఒక్కటీ వెలగలేదు. భవాని తన సైకిలు మధ్య గొట్టం వంక చూసింది. తర్వాత మిగిలినవాటి వంక చూసింది. సంచి ఆటోలోనే ఉండిపోయిందని నాకప్పుడు గుర్తొచ్చింది.

"సత్యం గారూ, బ్యాటరీలు ఏవండీ?"

"ఆటోలో ఉన్నాయండి మేడమ్."

"ఆటో ఎక్కడుంది?"

"ఈపాటికి రోడ్డెక్కేసి ఉంటదండి."

"వాటిని తియ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదండి. తడుస్తాయేమోనని."

"వానలో తొక్కినా తడవకుండా చేసినవండి ఇవి. ట్రిప్పులో ఉన్నంతసేపూ సైకిలు మీద చెయ్యి వెయ్యాలంటే ముందు నన్నడగాలి. అడిగారా?"

"లేదండి."

"ఇకనుంచి అడగండి."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఆరుగురూ వింటూనే ఉన్నారు. షాపులో నా మాట మీద ఎవరూ మాట అన్నది లేదండి. చెవులు వేడెక్కాయి. ఆ సిగ్గు తగ్గకుండానే, నిజం చెప్తున్నాను, లోపలెక్కడో సంతోషం పొంగుకొచ్చింది. నా పిల్ల! తప్పు చేసింది తండ్రి అని ఒక్క అక్షరం తగ్గించలేదు. మొహం కనపడకుండా వంగి చైను చూస్తున్నట్టు కూచున్నాను.

అబ్బులుకి ఫోన్ చేస్తే పన్నెండు కిలోమీటర్లు దాటేశాడు. వెనక్కి వచ్చి, మళ్ళీ పంటు దొరికి, సంచి చేరేసరికి గంటన్నర. గట్టు మీద నీడ లేదు, కూచునే చోటు లేదు. మధ్యాహ్నం దాటితే సముద్రం వైపునుంచి ఎదురుగాలి లేస్తుంది. నడిమిలంక తొమ్మిది కిలోమీటర్లు.

భవాని అందర్నీ దగ్గరికి పిలిచింది. "తప్పు మా వైపుది. దాచేదేం లేదు. ఇక్కడ కూచుని ఎండలో ఎదురు చూడొచ్చు, లేదా మామూలు సైకిలు లాగ తొక్కుకుంటూ పోవచ్చు. బరువుంటాయి, కానీ గేర్లున్నాయి. దారి చదునుగానే ఉంటుంది. మనం తొక్కగలమనే నేను అనుకుంటున్నాను. వద్దనుకున్నవాళ్ళకి తోడు సత్యం గారు ఇక్కడే ఉంటారు" అంది.

అందరూ విజయలక్ష్మి గారి వైపు చూశారు. "నన్నెందుకు చూస్తారు? ఒక కిలోమీటరు పోయి చూద్దాం" అన్నారావిడ.

ఆ కిలోమీటరు నాకు పది కిలోమీటర్లయింది. బ్యాంకు అమ్మాయిల మాటలు ఆగిపోయాయి. విజయలక్ష్మి గారి మోకాళ్ళు పెడలు పైకొచ్చినప్పుడల్లా దాదాపు హ్యాండిలుకి తగులుతున్నాయి. ఒకచోట ఆగి దిగిపోయారు. కుడి మోకాలు పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే చేపల మేత బస్తాలతో ఒక ట్రాక్టరు వెనకనుంచి వచ్చింది. డ్రైవరు మంచివాడు, "పెద్దమ్మ గారూ, నడిమిలంకకేనా? బస్తాల మీద కూచోండి, దింపేస్తాను" అన్నాడు. ఆవిడ ట్రాక్టరు వంక చూశారు. ఆవిడ ఎక్కితే మా అమ్మాయి ట్రిప్పులు విశాఖపట్నం వాళ్ళకి పోయినట్టే. ఆ సంగతి ఆవిడకి తెలీదు. భవాని చెప్పలేదు, బతిమాలనూ లేదు. ఆవిడ మోకాలు చూసింది, సైకిలు చూసింది, సీటు దగ్గర చెయ్యి పెట్టి జానతో కొలిచింది. నా దగ్గరికొచ్చింది.

"నేనిచ్చిన కాగితం ఉందా?"

జేబులోంచి తీశాను. మడత పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఇందులో ఎంతుంది, మీరు పెట్టింది ఎంత?"

"కాళ్ళు ఆనకపోతే భయపడతారనండి."

"భయపడితే నేను చూసుకుంటాను. మోకాలు పాడైతే ఎవరు చూసుకుంటారు?"

నలభై ఏళ్ళుగా ఎంతమంది ఆడవాళ్ళ సీట్లు దించానో! వాళ్ళలో ఎంతమంది నాలుగు రోజులు తొక్కి, ఆయాసం వస్తోంది, కాళ్ళు లాగుతున్నాయి, సైకిలు మావల్ల కాదు అని మానేశారో! ఆడవాళ్ళకి ఓపిక తక్కువ అనుకున్నాను తప్ప, కాలు చాపే జాగా నేనే ఇవ్వలేదని ఒక్కనాడూ తోచలేదు. పొద్దుట్నుంచీ బ్యాటరీ నెడుతుంటే నా తప్పు ఎవరికీ తెలియలేదు.

స్పానరు తీసి కాగితం చూసుకుంటూ ఆరు సీట్లూ లేపాను. విజయలక్ష్మి గారిది మూడంగుళాలు. ఎక్కి కూచుంటే కాలివేళ్ళు మాత్రమే నేలకి తగిలాయి. "అమ్మో, పడిపోతాను" అన్నారావిడ. భవాని వెనక సీటు పట్టుకుని, "ఆగేటప్పుడు సీట్లోంచి ముందుకి దిగండి, అంతే. పదడుగులు నేనుంటాను" అని పక్కన పరిగెత్తింది. పది కాదు, ముప్ఫై అడుగులు పరిగెత్తింది. చెయ్యి వదిలేసినట్టు ఆవిడకి తెలియను కూడా లేదు.

ట్రాక్టరు అబ్బాయి ఇంజను ఆపకుండా చూస్తున్నాడు. "నన్నుండమంటారా, పొమ్మంటారా పెద్దమ్మ గారూ?" అని అరిచాడు.

"నువ్వు పో నాయనా! దుమ్ము లేపకుండా పో!" అని ఆవిడ ముందునుంచే కేకేశారు.

ఆ తర్వాత సవారీ గురించి ఎంత రాసినా తనివి తీరదండి. మోటారు చప్పుడు కూడా లేదు. గట్టు పక్క తుంగలో నీళ్ళకోళ్ళు కూస్తుంటే వినపడేవి. కిలోమీటరుకొకరు ముందుకొచ్చి గాలికి అడ్డం తొక్కాలని భవాని వంతులు వేసింది. విజయలక్ష్మి గారూ తన వంతు వదల్లేదు. ఐదో కిలోమీటరు దగ్గర ఒక మోటారు షెడ్డు నీడలో మంచినీళ్ళకి ఆగాం. నేను చెమటలు కక్కుతున్నాను. భవాని నా దగ్గరికొచ్చి, హ్యాండిలు సంచిలోంచి బీపీ బిళ్ళ తీసి నా చేతిలో పెట్టి, వేసుకునేదాకా నిలబడి, ముందుకెళ్ళిపోయింది.

విజయలక్ష్మి గారు అంతా చూస్తున్నారు. "సత్యం గారూ, మీ బీపీ బిళ్ళ గైడు సంచిలో ఎందుకుందండీ?"

"మా మేడమ్ అందరి గురించీ చూసుకుంటారండి."

"నాకూ బీపీయేనండి. నా బిళ్ళ అడగలేదే?"

నాకు కంగారు పుట్టింది. "ఆవిడ తీరే అంతండి. ఆ కోపం, ఆ జాగ్రత్త, అన్నీ అచ్చం వాళ్ళమ్మ పోలికండి" అనేశాను.

నీళ్ళు తాగుతున్న షబానాకి పొలమారింది. విజయలక్ష్మి గారు మాత్రం నవ్వలేదు. "మేమేం వినలేదు లెండి. షబానా, నువ్వు విన్నావా?" అన్నారు.

"నాకసలు చెవులే సరిగ్గా పనిచెయ్యవండి" అంది ఆ పిల్ల.

ఒంటిగంట పదికి నడిమిలంక చేరాం. సీట్లు లేపడానికీ, ఆగడానికీ పోయిన సమయంతో కలిపి గంటా నలభై నిమిషాలు. ఆరుగురూ సైకిలు మీదే! అబ్బులు సంచి ఒళ్ళో పెట్టుకుని కూచుని ఉన్నాడు. వంట చేసే మంగమ్మ గారు ఎదురొచ్చి, "పులుసు రెండుసార్లు ఏడి చేశానండీ, మూడోసారి చేస్తే చేపముక్క కరిగిపోద్ది, రండి ముందు" అంది. చింతకాయ వేసిన చిన్నచేపల పులుసు, వేడన్నం, పెరుగు. శాకాహారులకి దోసకాయ పప్పు. బ్యాంకు అమ్మాయిల్లో ఒకావిడ మూడోసారి అన్నం పెట్టించుకుంటూ, "మామూలుగా నేనింత తిననండి" అంటే, "మామూలుగా నువ్వింత తొక్కవు కదమ్మా" అంది మంగమ్మ గారు.

నాలుగున్నరకి పడవల్లో కొల్లేటిలోకి తీసుకెళ్ళారు. ఇద్దరేసి ముగ్గురేసి కూచోవాలి. తెడ్డు తప్ప చప్పుడు లేదు. పొద్దు వాలుతుంటే గూడబాతులు గుంపులు గుంపులుగా వచ్చి నీళ్ళ మీద వాలాయి. బ్యాంకు అమ్మాయిలు సైతం మాట్లాడలేదంటే చూసుకోండి. రాత్రి బస మంగమ్మ గారి డాబా ఇంట్లోనే. రెండు గదులు, శుభ్రమైన బాత్రూము, దోమతెరలు. నేనూ అబ్బులూ పక్కింటి అరుగు మీద పడుకున్నాం.

మర్నాడు ఆరున్నరకి బయల్దేరి, బ్యాటరీలతో హాయిగా ఆటపాక పక్షుల కేంద్రం చూసుకుని, పదిన్నరకి కైకలూరు స్టేషన్ చేరాం. దారిలో విజయలక్ష్మి గారు మీట ఆపేసి తొక్కుతుండటం నేను చూశాను. అడగలేదు. స్టేషన్ ముందు హెల్మెట్లు ఇచ్చేస్తూ ఆవిడ భవాని చెయ్యి పట్టుకున్నారు.

"అమ్మాయ్, మీ నాన్నగారికి బిళ్ళ వేళకి ఇస్తూ ఉండు."

భవాని మొహం పాలిపోయింది. నా వైపు తిరిగి చూసిన చూపు మా ఆవిడదే. "ఎప్పుడు తెలిసిందండీ?" అంది.

"నిన్న షెడ్డు దగ్గరే. కంగారెందుకు? తండ్రని తెలిశాకే నీ మీద నాకు పూర్తిగా నమ్మకం కుదిరింది. కన్నతండ్రిని పదిమందిలో నిలబెట్టి, ఎవరు తియ్యమన్నారని అడిగిన పిల్ల మమ్మల్ని ఎక్కడా వదిలెయ్యదు" అన్నారావిడ.

వాళ్ళ రైలు వెళ్ళాక కంపెనీ మేడమ్‌కి భవాని ఫోన్ చేసింది. స్పీకరు పెట్టింది. బ్యాటరీల సంగతి, సీట్ల సంగతి ఒక్కటీ దాచలేదు. నేను సైకిళ్ళకి తాళ్ళు కడుతున్నవాణ్ణి ఆపేశాను. "ఆరుగురూ సైకిలు మీదే వచ్చారా?" అన్నారావిడ. వచ్చారండి అంది. "బాగుందని నాకు మెసేజులు వచ్చాయిలే. జనవరి నుంచి ట్రిప్పులు నువ్వే చెయ్యి. మరి ఆ మెకానిక్‌ని మార్చమంటావా?"

భవాని నా వంక చూసింది. "అక్కర్లేదండి. చెప్తే వింటారు" అంది.

నాకు అరవై ఎనిమిదేళ్ళండి. మంచి మెకానిక్ అని, చెయ్యి తిరిగినవాడని చాలామంది అన్నారు. ఆ మాటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఈ లంకలూ, ఈ నీళ్ళూ నా చిన్నప్పట్నుంచీ ఉన్నవే. ఒక మనిషి దారి చూపిస్తుంటే వెనకాల నోరు మూసుకుని తొక్కుకుంటూ పోవడంలో ఎంత సుఖముందో మాత్రం ఈ వయసులో తెలిసింది. నా తప్పుని నా పిల్ల దిద్దితే నేను చిన్నవాణ్ణయిపోతానేమోనని ఎన్నేళ్ళు జంకానో! ఏమీ కాలేదండి. మా ఆవిడ ఈ రాసిందంతా చదివి, పందెం నేనే గెలిచానంటోంది. జనవరి ట్రిప్పుకి తనూ వస్తానంటోంది. తనకి సైకిలు రాదు. రేపట్నుంచి నేర్పాలి, నేను కాదు, భవాని నేర్పుతుందట.

వెళ్ళేవాళ్ళకి నేను చెప్పదగ్గ పని మాట ఒకటే ఉంది. మట్టిగట్ల మీద టైర్లు రాయిలా గట్టిగా ఉంటే జారుతాయి, నడుం అదురుతుంది. గట్టుదారి ఎక్కేముందు బొటనవేలు కొంచెం దిగేంత గాలి తీసేయించండి. తారురోడ్డు రాగానే మళ్ళీ కొట్టండి. సంచిలో చిన్న చేతిపంపు ఒకటి పెట్టుకోండి, గాలి కొట్టడం రాకపోతే బయల్దేరేముందు నేర్చుకోండి. పావుగంట పని.